ఆ టిక్‌టిక్ ఎవరి కోసం?

పాత కారులో మలుపు దీపం మొరాయిస్తే బల్బు మారుస్తాము, ఫ్లాషరు మారుస్తాము, చివరకు విసిగి ఊరుకుంటాము. కాని తప్పు తరచుగా ఎవరూ చూడని చోట దాగి ఉంటుంది.

శ్రావణమాసం. రాత్రి తొమ్మిదిన్నర. వాన అప్పుడే వెలిసింది. భిలాయి ఉక్కు పట్టణంలో బంధువుల ఇంట భోజనం ముగించుకొని, నాన్నగారితో కలిసి రుఆబాంధాలోని మా ఇంటికి తిరిగి వస్తున్నాను. మా వీధి మలుపు దగ్గర పడగానే కుడివైపు ఇండికేటరు మీట నొక్కాను. డాష్‌బోర్డు మీద పచ్చని చుక్క వెలుగుతూ ఆరుతూ తన పని తాను చేస్తున్నది. టిక్, టిక్, టిక్ అన్న చప్పుడు నింపాదిగా, గడియారంలా వినిపిస్తున్నది. వేగం తగ్గించి స్టీరింగు కుడికి తిప్పాను.

అదే క్షణాన కుడి తలుపును ఏదో రాసుకొన్న చప్పుడు, ఆ వెంటనే ఇనుము నేలను తాకిన మోత. బ్రేకు మీద కాలు వేసి దిగి చూసేసరికి ఒక నడివయస్కుడు తడి రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. సైకిలు పక్కన పడి ఉంది. దాని హ్యాండిలుకు కట్టిన టిఫిను డబ్బా దూరంగా దొర్లిపోయింది. రాత్రి షిఫ్టుకు పోతున్న మనిషి. అరచేతులు గీరుకుపోయి నెత్తురు చిమ్ముతున్నాయి. దేవుని దయవల్ల అంతకు మించి దెబ్బలేమీ తగలలేదు.

భయం వేసినప్పుడు మనిషి మొదట చేసే పని తనను తాను సమర్థించుకోవడం. నేనూ అదే చేశాను. "సిగ్నలిచ్చాను గదా!" అన్నాను, తెలుగులోనే, అప్రయత్నంగా.

ఆయన తలెత్తి చూశాడు. మాటను బట్టి శ్రీకాకుళం వైపు మనిషి. "ఇచ్చారేటి బాబూ? నాకేటీ అగుపళ్ళేదు. లోపల మీకు ఇనపడింది కాబోలు. ఎనకాలున్నోడికి ఏటి తెలుస్తాది?" అన్నాడు.

కారు వెనుకకు నడిచి చూశాను. మీట ఇంకా నొక్కే ఉంది. ముందువైపు దీపం చక్కగా మిణుకుతున్నది. వెనుక కుడిదీపం మాత్రం, నూనె అయిపోయిన ప్రమిదలా, ఉందా లేదా అన్నట్లు ఎర్రగా మసకగా కదులుతున్నది. పది అడుగుల దూరం నుంచి కూడా అది కనిపించదు.

ఆయన చేతులు కడిగి, మందు వేయించి, షిఫ్టు దాటిపోకుండా ప్లాంటు గేటు దాకా నేనే దింపి వచ్చాను. దారి పొడుగునా నేను కుడిచేతిని కిటికీలోంచి బయటికి చాచుతూనే ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంగ్లీషు నుంచి తెలుగులోనికి మాటలు మార్చడం నా వృత్తి. నేను చెప్పినది ఎదుటివానికి చేరిందా లేదా అన్నదే ఆ వృత్తిలో ఉన్న ఏకైక పరీక్ష. ఆ పరీక్షలో నేను రోడ్డు మీద తప్పాను.

నా వయసే ఉన్న కారు

భిలాయిలో తెలుగు మాట వినిపించడంలో వింత లేదు. సోవియట్ సహకారంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టాలని 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటికే విజయనగరాన్నీ రాయపూరునూ కలిపే రైలుమార్గం ఉంది. ఆ రైలెక్కి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు పని కోసం ఇక్కడికి తరలివచ్చాయి. 1960లలో అలా వచ్చినవారిలో మా నాన్నగారు ఒకరు. కర్మాగారంలో విద్యుత్తు యంత్రాల మరమ్మతు ఆయన ఉద్యోగం.

మా కారు అంబాసిడర్. 1970ల చివర తయారైనది. ఇంచుమించు నా వయసే దానికీ. నాన్నగారు దానిని మరొకరి వద్ద కొన్నారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు నమూనాను అనుసరించి పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. బొంబాయి నుంచి వచ్చిన ఫియట్, పద్మిని కార్లకూ, మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డుకూ అంతకు ముందే కాలం చెల్లింది. అయినా ఇటువంటి కార్లు నేటికీ ఎన్నో ఇళ్ళ ముందు నిలబడి ఉన్నాయి. వాటి ఇంజన్ల గురించి యజమానులు గంటల తరబడి చెప్పగలరు. మలుపు దీపాల గురించి అడిగితే మాత్రం, "అది అంతేనండీ, ఒకోసారి వెలుగుతుంది, ఒకోసారి వెలగదు" అని నవ్వి ఊరుకుంటారు.

నేనూ అలా నవ్వినవాడినే.

నేను చేసిన మూడు తప్పుడు వైద్యాలు

మరునాడు ఉదయమే వెనుక బల్బు మార్చాను. కొత్త బల్బు కూడా పాతదానిలాగే నీరసంగా వెలిగింది. బల్బు నకిలీదేమోనని మరొకటి కొన్నాను. తేడా లేదు. తరువాత ఊళ్ళోని ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. అక్కడివారు స్టీరింగు కింది స్విచ్చి అరిగిందన్నారు. స్విచ్చి మార్చారు. డబ్బు ఖర్చయింది, దీపం తీరు మారలేదు.

సాయంకాలం ఇంటి ముందు డిక్కీ తెరిచి తలపట్టుకొని కూర్చున్నాను. నాన్నగారు అరుగు మీది కుర్చీలోంచి ఇదంతా చూస్తున్నారు. ఆయనకు ఎనభై దాటింది, చూపు మందగించింది, కారు నడపడం మానుకొని చాలా ఏళ్ళయింది.

"ఒరే, నువ్వు వస్తువులు మారుస్తున్నావు. ప్రశ్న మాత్రం ఒక్కటీ అడగలేదు" అన్నారు.

"ఎవరిని అడగాలి నాన్నగారూ?"

"కారునే. ముందువైపు దీపం బాగానే ఉందా? ఉంది. ఎడమవైపు రెండూ బాగానే ఉన్నాయా? ఉన్నాయి. అంటే ఫ్యూజు మంచిదే, ఫ్లాషరుకు కరెంటు వస్తున్నది, స్విచ్చి కుడివైపుకు అందిస్తున్నది. ఇవన్నీ చెడలేదని కారు తానే చెబుతున్నది. మరి నువ్వు స్విచ్చి ఎందుకు మార్చావు?"

నా దగ్గర జవాబు లేదు.

వెళ్ళే దారి, వచ్చే దారి

ఆయన చెప్పినది అర్థం కావాలంటే ఈ దీపాల ఏర్పాటు కొంచెం తెలియాలి. బాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఇగ్నిషన్ తాళం దాటి, ఫ్యూజు గుండా ఫ్లాషరు అనే చిన్న డబ్బాలోనికి వస్తుంది. అక్కడి నుంచి మీట వద్ద ఉండే స్విచ్చికి. అక్కడి నుంచి ఎడమకో కుడికో, ముందు ఒకటి వెనుక ఒకటి చొప్పున ఉన్న రెండు బల్బులకు. ఇంతవరకు అందరికీ తెలుసు. కాని కరెంటు వెళితే చాలదు, తిరిగి బాటరీకి చేరాలి. ఆ తిరుగు దారికి ప్రత్యేకంగా తీగ ఉండదు. కారు శరీరమే ఆ తీగ. బల్బు అమరిన గిన్నె రేకును తాకుతుంది, లేదా ఒక పొట్టి నల్లతీగతో రేకుకు బిగించి ఉంటుంది. దీనినే ఎర్త్ అంటారు.

"వెళ్ళే దారిని అందరూ చూస్తారు. వచ్చే దారిని ఎవరూ చూడరు. నలభై ఏళ్ళు వానలో నానిన కారులో ముందుగా మూసుకుపోయేది వచ్చే దారే" అన్నారు నాన్నగారు.

తుప్పు కరెంటుకు గోడ వంటిది. ఆ గోడ ఎంత పలుచనైనా నష్టం తక్కువ కాదు. ఇండికేటరు బల్బు సాధారణంగా 21 వాట్లది. 12 వోల్టుల వద్ద అది సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎర్త్ స్క్రూ వద్ద ఒక్క ఓము అడ్డు ఏర్పడితే బల్బుకు చేరేది 10 వోల్టులకు కాస్త అటూ ఇటూగా పడిపోతుంది. వోల్టేజి పడిపోయినదానికన్నా వెలుగు ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది గనుక, ఆ ఒక్క ఓముతోనే మూడోవంతుకు పైగా వెలుగు పోతుంది. అడ్డు నాలుగైదు ఓములకు పెరిగితే మిగిలేది మినుకు మాత్రమే.

పరీక్ష ఎంత సులభమో చూడండి. ఒక మూరెడు తీగ తీసుకొని రెండు కొనలూ ఒలిచాను. ఒక కొనను బల్బు గిన్నెకు తాకించాను. రెండవ కొనను డిక్కీ అంచున రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించిన చోట ఆనించాను. అంతవరకు మూలుగుతున్న దీపం ఒక్కసారిగా నారింజరంగు నిప్పులా భగ్గుమన్నది. గోడ మీద దాని వెలుగు లయబద్ధంగా పడుతూ లేస్తూ ఉంటే అరుగు మీది నుంచి నాన్నగారు, "ఆఁ, ఇప్పుడు నాకు కూడా కనిపించింది" అన్నారు.

దీపం గిన్నె ఊడదీసి చూస్తే నల్లతీగను బిగించిన స్క్రూ చుట్టూ గోధుమరంగు పొడి. స్క్రూ చేతితోనే విరిగిపోయింది. ఉప్పుకాగితంతో రేకును మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించి, మళ్ళీ తేమ చేరకుండా పైన కాస్త వాసలీను పూశాను. అయిన ఖర్చు టీ ఖరీదు కూడా కాదు.

నోరు మూసిన వైద్యం

పని అయిపోయిందనుకొన్నాను. నాన్నగారు ఇంకో ప్రశ్న వేశారు. "అది సరే. వెనుక దీపం అంత నీరసించినా లోపల టిక్‌టిక్ మామూలుగానే ఎందుకు కొట్టింది? అలా కొట్టకూడదే!"

అసలు కథ అక్కడ ఉంది.

పాతకాలపు ఫ్లాషరు వేడితో పనిచేసేది. కొన్నిటిలో రెండు లోహాలు అతికిన బద్ద ఉంటుంది. లూకస్ తరహా వాటిలో సన్నని తీగ బిగుతుగా లాగి ఉంటుంది. బల్బులకు పోయే కరెంటే దీనిని వేడి చేస్తుంది. వేడెక్కితే బద్ద వంగుతుంది, లేదా తీగ సాగుతుంది. లోపలి కొనలు కలుస్తాయి లేదా విడిపోతాయి. చల్లారితే మళ్ళీ యథాస్థానానికి వస్తాయి. మనకు వినిపించే టిక్కు ఆ కదలికదే. రెండు 21 వాట్ల బల్బులు కలిసి తీసుకొనే మూడున్నర ఆంపియర్ల కరెంటుకు సరిపోయేటట్లు దానిని తయారుచేస్తారు. ఒక బల్బు పోతే కరెంటు సగమవుతుంది, వేడి చాలదు, అప్పుడు టిక్కు మందగిస్తుంది, లేదా దీపం మిణకకుండా నిలిచిపోతుంది. అంటే లయ తప్పడం ఫ్లాషరు జబ్బు కాదు. "వెనుక ఎక్కడో దీపం పోయింది, దిగి చూడు" అని అది చెప్పే మాట.

తరువాతి కాలపు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లలో చాలావాటికి ఇదే మాటను మరోరీతిలో చెప్పడం నేర్పారు. ఒక బల్బు పోతే అవి మందగించవు; రెట్టింపు వేగంతో కొట్టుకొంటాయి. కొత్త కారులో ఒకవైపు ఇండికేటరు హడావుడిగా కొట్టుకొంటున్నదంటే అర్థం అదే.

అయితే మరో రకం ఫ్లాషర్లున్నాయి. లారీలకు, ట్రాలీలు తగిలించే బళ్ళకు బల్బుల సంఖ్య మారుతూ ఉంటుంది గనుక, ఎన్ని బల్బులున్నా ఒకే లయలో కొట్టేటట్లు వాటిని చేస్తారు. లారీకి అది సుగుణమే. కాని ఒక బల్బు పోయినా, ఒక ఎర్త్ కుళ్ళినా అది చెప్పదు.

నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. రెండేళ్ళ క్రితం మా కారులో కుడివైపు టిక్కు బాగా నెమ్మదించింది. రోడ్డు పక్కన ఒక దుకాణంలో చూపిస్తే, "ఫ్లాషరు పోయిందండీ" అని తీసి, ఈ రకంది బిగించారు. లయ చక్కబడింది. నేను సంతోషించి డబ్బిచ్చి వచ్చాను. నిజానికి ఆనాడే ఎర్త్ కుళ్ళడం మొదలైంది. పాత ఫ్లాషరు ఆ సంగతి చెప్పబోయింది. మేము రోగాన్ని వదిలి, రోగం చెప్పే నోరు మూశాము. ఆ రాత్రి రోడ్డు మీద పడిన మనిషికి నెత్తురు వచ్చింది ఆ రెండేళ్ళ మౌనం వల్లనే.

కారుకు తగిన పాత తరహా ఫ్లాషరును వెదికి మళ్ళీ బిగించాను. ఇప్పుడు ఏ దీపం పోయినా అది నాకు చెబుతుంది.

లక్షణాన్ని బట్టి తప్పును వెదకండి

మీ ఇంట్లోనూ పాత కారు ఉంటే, డబ్బు ఖర్చు పెట్టడానికి ముందు పది నిమిషాలు ఈ పరిశీలన చేయండి. కావలసినవి మూడే: ఒక మూరెడు తీగ, రెండు తీగలు అతికించిన 12 వోల్టుల బల్బు, ఒక ఉప్పుకాగితం. చేతి ఉంగరం, లోహపు గడియారం పట్టీ తీసి పక్కన పెట్టండి. తీగలు విప్పి బిగించే ముందు బాటరీ తీగను తొలగించండి.

రెండు వైపులా ఏ దీపమూ వెలగకపోతే మొదట ఫ్యూజు చూడండి. బ్రిటిష్ నమూనా కార్లలో వైపర్లు, బ్రేకు దీపం, పెట్రోలు ముల్లు కూడా తరచు అదే ఫ్యూజు మీద ఉంటాయి. అవి కూడా ఆగిపోతే తప్పు ఫ్యూజుదే. ఫ్యూజు చూడటానికి బాగానే ఉన్నా దాని కొనలకు పట్టిన పచ్చని కిలుము అడ్డుపడవచ్చు. తీసి రుద్ది పెట్టండి. కారు పుస్తకంలో చెప్పిన ఆంపియర్ల ఫ్యూజునే వాడండి. ఫ్యూజుకు బదులు రాగితీగ గాని సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం గాని చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడంతో సమానం.

ఫ్యూజు మంచిదై, అయినా దీపాలు వెలగకపోతే ఫ్లాషరును అనుమానించాలి. దాని మీద బి, ఎల్ అని గుర్తులున్న రెండు కొనలను పొట్టి తీగతో కలిపి, మీట ఒకవైపు నొక్కండి. ఆ వైపు దీపాలు ఆరకుండా నిలకడగా వెలిగితే మిగిలిన దారి అంతా బాగున్నట్లు, ఫ్లాషరు మార్చవచ్చు. అప్పటికీ వెలగకపోతే ఫ్లాషరుకు కరెంటే రావడం లేదు, లేదా తప్పు స్విచ్చిలో ఉంది.

ఒకవైపు మాత్రమే పనిచేయకపోతే ఫ్లాషరును వదిలిపెట్టండి. రెండవ వైపు నడుపుతున్నది అదే గదా! బల్బులు, వాటి గిన్నెలు, ఎర్త్, ఆ వైపు తీగ, చివరగా స్విచ్చి: ఈ వరసలో చూడండి. తొలిరోజుల కొన్ని కార్లలో మీట స్టీరింగు నడిబొడ్డున, హారన్ బొత్తాము వద్ద ఉంటుంది. దాని తీగలు స్టీరింగు గొట్టం గుండా దిగుతాయి. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వాటి తొడుగు అరుగుతుంది. చక్రం ఒక స్థితిలో ఉన్నప్పుడు వెలిగి, తిప్పగానే ఆరిపోతున్నదంటే అక్కడ చూడండి.

ఒకవైపు దీపం మిణకక నిలిచిపోయినా, మందగించినా ఆ వైపు బల్బుల్లో ఒకటి పోయి ఉంటుంది, లేదా 21 వాట్లు ఉండవలసిన చోట ఎవరో 5 వాట్లది పెట్టి ఉంటారు. బల్బు మీద అంకె చదవండి.

ఇండికేటరు వేయగానే పక్కనున్న వెనుక దీపం కూడా దానితో పాటు మిణికితే అది ఎర్త్ చెడిందనడానికి తిరుగులేని గుర్తు. తిరుగు దారి మూసుకుపోయిన కరెంటు పొరుగు బల్బు గుండా దొడ్డిదారి వెదుక్కొంటున్నదన్నమాట. ఇక్కడ మూరెడు తీగ పరీక్ష చేయండి. లేదా పరీక్ష బల్బు ఒక కొనను కరెంటున్న తీగకు, రెండవ కొనను దీపం గిన్నెకు తాకించండి. నిండుగా వెలగకపోతే ఎర్త్ లేదు.

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రెండు వైపులా మందగించి, వేగం పెంచగానే చురుకు పుంజుకొంటే దీపాలను తప్పు పట్టకండి. పాత డైనమో నెమ్మది వేగంలో చాలినంత కరెంటు ఇవ్వలేదు. భారం బాటరీ మీద పడుతుంది. బాటరీ నీరు, దాని కొనల బిగువు చూడండి.

మరొక హెచ్చరిక. ఎక్కువ వెలుగు వస్తుందని ఈమధ్య పాత కార్లకు ఎల్‌ఈడీ బల్బులు పెడుతున్నారు. అవి తీసుకొనే కరెంటు చాలా స్వల్పం; వేడితో పనిచేసే ఫ్లాషరు వాటితో కదలనే కదలదు. వాటికి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కావాలి. అది బిగించే ముందు బాటరీ చూడండి. పాత బ్రిటిష్ నమూనా కార్లలో బాటరీ ధన ధ్రువాన్ని శరీరానికి కలిపేవారు. ఈనాటి ఎలక్ట్రానిక్ సామానులు చాలావరకు రుణ ధ్రువం కలిపిన కార్ల కోసం చేసినవి. తారుమారుగా బిగిస్తే క్షణంలో కాలిపోతాయి.

తీగల రంగులను కూడా గుడ్డిగా నమ్మవద్దు. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతిలో ఎడమ దీపానికి ఎరుపు గీత ఉన్న ఆకుపచ్చ తీగ, కుడిదానికి తెలుపు గీత ఉన్న ఆకుపచ్చ తీగ వాడేవారు. కాని నలభై ఏళ్ళలో ఎందరో చేతులు పెట్టిన కారులో ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది.

చేయి నుంచి దీపం దాకా

మలుపు తిరగబోతున్నానని వెనుకవానికి చెప్పడం మోటారు బండి పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కే. మొదట చేయి చాచేవారు. తరువాత తలుపుల మధ్య కంబంలోంచి రెక్కలా లేచే చిన్న చేయి వచ్చింది. రైలు సిగ్నలులా లేచి లోపల వెలుగుతూ నిలిచేది. బ్రిటన్‌లో మారిస్ మైనర్ కారు 1961 దాకా ఆ రెక్కలతోనే నడిచింది. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1939లోనే మిణికే దీపాలను కారుతో పాటే ఇవ్వసాగింది. నిలకడగా వెలిగే దీపం కన్నా మిణికే దీపం కంటిని త్వరగా ఆకర్షిస్తుందన్నదే అందులోని కిటుకు.

ఎంత వేగంగా మిణకాలన్నది కూడా మన దేశంలో చట్టం నిర్ణయించింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఈ దీపం పసుపు కలిసిన నారింజరంగులో ఉండాలి. నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా మిణకాలి. ముందు నుంచీ వెనుక నుంచీ స్పష్టంగా కనబడాలి. చేతి గడియారం పట్టుకొని లెక్కపెట్టండి. అర నిమిషంలో 30కీ 60కీ మధ్య ఉంటే సరిపోయినట్లే.

దారిలో దీపం పోతే? మన పెద్దలు వాడిన చేయి ఉండనే ఉంది. కుడికి తిరిగేటప్పుడు కుడిచేతిని బయటికి అడ్డంగా చాచి, అరచేయి ముందుకు తిప్పి పట్టాలి. ఎడమకు తిరిగేటప్పుడు అదే చేతిని చాచి గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో గుండ్రంగా తిప్పాలి. లైసెన్సు పరీక్షకు చదివి మరచిపోయే ఈ పాఠం రాత్రివేళ అంతగా పనికిరాదు గాని, పగటిపూట ఇంటిదాకా చేరుస్తుంది.

వెనుక నిలబడి చూసేవారు

పాత కారు దీపాలను పరీక్షించడానికి ఒక్కరే ఉంటే చాలదు. లోపల కూర్చున్నవానికి చప్పుడు వినిపిస్తుంది, పచ్చని చుక్క కనిపిస్తుంది. వెనుక ఏమి జరుగుతున్నదో తెలియదు. ఇంకొకరు లేకపోతే రాత్రివేళ గోడకు వీపు చేసి కారు నిలిపి, అద్దంలో గోడ మీది వెలుగు చూసుకోవాలి. మా ఇంట ఆ అవసరం లేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్నగారి కుర్చీ కారు వెనుక వేస్తాను. నేను లోపల కూర్చుని మీట నొక్కుతాను. "ఎడమ" అంటారాయన. కాసేపటికి "కుడి" అంటారు. "బ్రేకు" అంటారు. చూపు మందగించిన ఆ కళ్ళకు కనిపించిందంటే ఎవరికైనా కనిపిస్తుందని మాకు నమ్మకం.

మొన్న ఒక ఆదివారం ఈ పరీక్ష సాగుతుండగా ఒక సైకిలు మా గేటు ముందు ఆగింది. ఆయనే. అరచేతులు ఎప్పుడో మానిపోయాయి. కాలు కింద ఆనించి, హ్యాండిలు మీద చేతులు వేసుకొని, నాన్నగారి పక్కనే నిలబడి చూశాడు. నేను కుడివైపు మీట నొక్కాను.

"ఇప్పుడు అగుపడతంది బాబూ" అని, బెల్లు ఒకసారి మోగించి, షిఫ్టుకు వెళ్ళిపోయాడు.